పుస్తకం కొన్న పాఠకుడా, చదివి నాలుగు ముక్కలు రాసిన పాఠకుడా?

గోదారిగట్టు (చర్చ మొదలు):

సూటిగా అడుగుతున్నాను. తెలుగులో కథలో, నవలలో, వ్యాసాలో రాసే మనిషికి పాఠకుడి నుంచి దక్కేవాటిలో అన్నిటికన్నా విలువైనది ఏది? డబ్బిచ్చి కొనడమా, చదివి అభిప్రాయం చెప్పడమా, తప్పు చూపించడమా, ఇంకో నలుగురి చేత చదివించడమా? "అన్నీ కావాలండీ" అనే జవాబు దయచేసి వద్దు. ఒకటే ఎంచుకోండి, ఎందుకో చెప్పండి.

నా ఓటు కొనడానికి. మన దగ్గర కథల పుస్తకం ఇప్పటికీ ఎక్కువగా రచయిత సొంత డబ్బుతోనే వస్తోంది. 500 కాపీలు, మహా అయితే 1000. 200 రూపాయల పుస్తకం మీద షాపుకి 40 శాతం కమీషన్ పోయిందనుకోండి, చేతికొచ్చేది 120. కాగితం, అచ్చు, డీటీపీ, ముఖచిత్రం, పార్సిలు అన్నీ అందులోనే. ఆ 120 కూడా అడగ్గా అడగ్గా వస్తుంది. ఆవిష్కరణ సభకి హాలు అద్దె, శాలువాలు, టీ, సమోసాలు మనవే. వెళ్ళేటప్పుడు వచ్చినవాళ్ళ చేతిలో పుస్తకం కూడా ఊరికే పెట్టాలి. ఇంత చేసి ఫేస్‌బుక్‌లో ముఖచిత్రం పెడితే కింద మొదటి కామెంటు: "అభినందనలండీ! పీడీఎఫ్ ఉందా?"

పొగడ్త ఎంతమందైనా పొగుడుతారు. జేబులోంచి డబ్బు తీసినవాడే నా పాఠకుడు.

పాతపుస్తకాల పిచ్చి:

కొన్నవాళ్ళందరూ చదువుతున్నారని మీకు ఎవరు చెప్పారండీ? డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియం పుస్తక ప్రదర్శనకి వెళ్ళి, సంచి నిండా కొని, సెల్ఫీ దిగి, ఇంటికొచ్చి అలమరలో పెట్టేసేవాళ్ళు ఎంతమంది లేరు? నేనూ ఆ జాతివాణ్ణే. కొన్న పుస్తకాల్లో సగం మీద ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు.

పాత పుస్తకాల షాపుల్లో ఇంకో రకం దొరుకుతుంది. "ప్రియమైన ఫలానా గారికి, ఆత్మీయతతో" అని రచయిత చేత్తో సంతకం పెట్టి ఇచ్చినది. తిరగేస్తే పేజీలు కొత్తగా, ఒకదానికొకటి అంటుకునే ఉంటాయి. మరోపక్క, లైబ్రరీ ముద్రలు పడి, అంచులు నలిగి, ఎవరో పెన్సిలుతో "ఇది అబద్ధం" అని పక్కన రాసిన పుస్తకమూ దొరుకుతుంది. రచయితకి ఈ రెండూ చూపించి ఏది కావాలో అడగండి. ఆ పెన్సిలు పెట్టినాయన ఆ పుస్తకం కొనలేదు, లైబ్రరీలో చదివాడు.

అచ్చుతప్పు:

నేను ప్రూఫులు చూసే మనిషిని, కాబట్టి నా ఓటు ఎటో మీరు ఊహించే ఉంటారు. తప్పు చూపించిన పాఠకుడు.

ఒక కథలో హీరో విజయవాడ నుంచి విశాఖ వెళ్తుంటాడు. రాజమండ్రి స్టేషన్లో టీ తాగి, రైలు కదిలాక గోదావరి వంతెన మీద ఏడుస్తాడు. అటునుంచి వచ్చే బండి కొవ్వూరు దాటగానే వంతెన ఎక్కుతుంది, రాజమండ్రి ఆ తర్వాత వస్తుంది. టీ తాగకముందే ఏడ్చేయాలి. ఈ మాటే ఆ రచయితకి మర్యాదగా రాశాను. "కథలో మీకు ఇది తప్ప ఇంకేం కనపడలేదా?" అని జవాబొచ్చింది. విమర్శ కావాలి, విమర్శ కావాలి అని సభల్లో మైకు పట్టుకుని చెప్పేవాళ్ళు కొవ్వూరు స్టేషన్ దగ్గరే ఆగిపోతారన్నమాట.

డొనాల్డ్ క్నూత్ సంగతి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి తెలిసే ఉంటుంది. కంప్యూటర్ సైన్సులో పెద్ద పేరు. తన పుస్తకాల్లో తప్పు మొదట పట్టుకున్నవాళ్ళకి 2.56 డాలర్ల చెక్కు పంపేవాడు. కంప్యూటర్ వాళ్ళు పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కపెట్టే పద్ధతిలో 256ని 100 అని రాస్తారు, అంటే 256 సెంట్లు వాళ్ళ లెక్కలో సరిగ్గా ఒక డాలరు. చాలామంది ఆ చెక్కు బ్యాంకులో వేసుకోకుండా ఫ్రేము కట్టించుకున్నారు. చెక్కుల మోసాల గొడవ వల్ల 2008లో అసలు చెక్కులు ఆపేసి, ఊహల్లో పుట్టిన ఒక దేశపు బ్యాంకు పేరు మీద సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలుపెట్టాడు. తప్పు పట్టినవాడికి ఎదురు డబ్బిచ్చిన రచయిత! మన దగ్గర కనీసం మలిముద్రణలో ఒక థాంక్స్ ముక్క ఉంటే చాలు.

గోదారిగట్టు:

క్నూత్ గారు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ప్రొఫెసరుగా ఉండేవారు. నెల తిరిగేసరికి జీతం వచ్చేది. 2.56 ఆయనకి సరదా. మీరు చెప్పే మలిముద్రణ రావాలన్నా మొదటి 500 అమ్ముడవ్వాలి కదా! ఎలా తిప్పినా నా దగ్గరికే వస్తున్నారు.

రోజుకో ఎపిసోడ్:

నేను ప్రతిలిపి అనే కథల యాప్‌లో సీరియల్స్ రాస్తాను. (ముందే చెప్పేస్తున్నా, "అది సాహిత్యమా" అనే చర్చ ఇక్కడ వద్దు. దానికి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ ఇప్పటికే కొట్టుకుంటున్నారు.)

మాకు అచ్చు ఖర్చు లేదు, కమీషన్ బాధా లేదు. చదివేవాళ్ళు ఇష్టపడితే యాప్‌లో డబ్బిచ్చి కొనుక్కునే నాణేలతో స్టిక్కర్లు పంపుతారు. డబ్బు కొంచెమే అయినా వస్తుంది, కాదనను. కానీ నన్ను మళ్ళీ కూర్చోబెట్టి రాయించేది అది కాదు. "తర్వాతి భాగం ఎప్పుడు అక్కా?" అన్న మాట. రాత్రి గిన్నెలు కడిగేసి, పిల్లాణ్ణి పడుకోబెట్టి, నిద్ర ముంచుకొస్తున్నా ఫోన్ తీస్తానంటే ఎక్కడో ఎవరో ఎదురుచూస్తున్నారన్న టెన్షన్ వల్లే. ఒక రోజు ఎపిసోడ్ పెట్టకపోతే "ఒంట్లో బాగుందా?" అని అడిగినవాళ్ళున్నారు. మా చుట్టాలు కూడా అలా అడగరు.

అందులో చిక్కూ ఉంది. ఎదురుచూసేవాళ్ళు ఊరికే ఎదురుచూడరు, కథ ఎటు వెళ్ళాలో కూడా చెబుతారు. హీరోయిన్ విడాకులు తీసుకోబోతుంటే "అలా చెయ్యకండి, కలపండి" అని ఒకటే మెసేజులు. నేను కలపలేదు. కొందరు చదవడం మానేశారు, నాణేలూ తగ్గాయి. అయినా నా ఓటు ఎదురుచూపుకే.

శ్రీకాకుళం మాస్టారు:

అమ్మా, మీ మాట నాకు నచ్చింది. పాత రోజుల్లో వారపత్రికల సీరియళ్ళకి ఉన్నదీ ఆ ఎదురుచూపే. అయితే నేను చెప్పదలచుకున్న పాఠకురాలు చదివి ఊరుకునే రకం కాదు. వారం వారం పత్రికలోంచి సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి, అన్నీ అయ్యాక దారంతో కుట్టించి, అట్ట వేయించి దాచుకునేది. మా ఇళ్ళల్లో అలాంటి బైండు పుస్తకాలు ఎన్నో ఉండేవి. మధ్యలో వంటల పేజీ, వెనక సబ్బు ప్రకటన, అన్నీ కలిసే ఉండేవి. పుస్తకంగా ఎన్నడూ రాని నవలలు కొన్ని ఆ బైండుల్లోనే బతికాయి.

మా ఊళ్ళో కథానిలయం ఉంది, కథల కోసమే పెట్టిన లైబ్రరీ. కథకుడు కాళీపట్నం రామారావు గారు, మేమంతా కారా మాస్టారనేవాళ్ళం, తనకొచ్చిన అవార్డుల సొమ్ము పెట్టి 1997లో మొదలుపెట్టారు. తెలుగులో వచ్చిన ప్రతి కథా ఒకచోట ఉండాలని ఆయన పట్టుదల. అంత పని ఒక్కరి వల్ల అవుతుందా? ఎక్కడెక్కడి పాఠకులో అటకల మీది పాత పత్రికలు దించి పంపారు. తన కథ తన దగ్గరే లేని రచయితలు అక్కడికొచ్చి వెతుక్కోవడం నేను చూశాను. దాచిపెట్టినవాళ్ళు లేకపోతే ఆ కథ రాసినట్టు రుజువే లేదు. నా ఓటు దాచిన పాఠకుడికి.

అచ్చుతప్పు:

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. దాచడం వల్ల లాభం సాహిత్యానికి, పరిశోధన చేసేవాళ్ళకి. రచయిత బతికుండగా అటక మీద తన కథ ఉందని ఆయనకెలా తెలుస్తుంది? తెలియనిదానికి విలువ ఎలా కడతాడు?

శ్రీకాకుళం మాస్టారు:

బాబూ, తెలిస్తేనే విలువ అంటే తాతలు నాటిన మామిడిచెట్ల సంగతేమిటి? ప్రశ్నలో "విలువైనది ఏది" అని ఉంది. "రచయిత మనసుకి హాయినిచ్చేది ఏది" అని లేదు. పైన అందరూ రెండోదానికే జవాబు చెబుతున్నారు.

డాలస్ బాబాయ్:

మాస్టారి పాయింటు పాయింటే. నేను మళ్ళీ డబ్బు దగ్గరికి వస్తాను, ఎవరూ ముట్టుకోని ముక్క ఒకటుంది కాబట్టి. ఇక్కడ అమెరికాలో ఉండి తెలుగు పుస్తకం డబ్బిచ్చి కొందామన్నా దారి దొరకదు. పుస్తకం 200, ఇక్కడికి తెప్పించుకోవడానికి దానికి ఎన్నో రెట్లు. ఎవరైనా ఇండియా వెళ్ళొస్తుంటే వాళ్ళ సూట్‌కేసులో పచ్చళ్ళ మధ్య రావాల్సిందే. ఈ-బుక్ పెడితే ఒక్క నిమిషంలో కొనేస్తాం. చాలామంది పెట్టరు. అడిగితే "పీడీఎఫ్ వాట్సాప్‌లో తిరిగేస్తుంది" అంటారు. ఆ భయంలో నిజం లేకపోలేదు. మా గ్రూపులోనే నెలకోసారి ఎవరో ఒకరు "300 తెలుగు నవలలు, డౌన్‌లోడ్ చేసుకోండి" అని లింకు పెడతారు, కింద వరసగా దణ్ణాలు. రచయిత పోయాక కూడా 60 ఏళ్ళ దాకా కాపీరైటు ఉంటుందని చెబితే నన్ను పిసినారి అన్నారు.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ఒక మాట. పుస్తకాలు తక్కువ ఖర్చుతో పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్టుని 2024 డిసెంబరులో తపాలా శాఖ తీసేసినప్పుడు చిన్న ప్రచురణకర్తలు గగ్గోలు పెట్టారు కదా. 2025 మే నుంచి దాని బదులు పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకి 100, పన్ను అదనం. మామూలు కథల పుస్తకం ఒకటి 300 గ్రాముల్లోనే వస్తుంది. "పోస్టేజీ ఎక్కువండీ" అనే వంక ఇక చెల్లదు.

ఆదివారం చదువరి:

ఇప్పటిదాకా మౌనంగా చదివాను. నేను కథలు రాస్తాను, తక్కువే. నాకు కావలసింది పై జాబితాలో లేదు.

నన్ను ఎరగనివాళ్ళు రాసిన ఒక్క నిర్దిష్టమైన వాక్యం. "చాలా బాగుందండీ" కాదు. "ఆ అత్తగారు పప్పులో ఉప్పు తక్కువైందని తెలిసీ ఎందుకు మాట్లాడలేదో నాకు రెండు రోజులు అర్థం కాలేదు" లాంటిది. ఎరగనివాళ్ళు అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, తెలుగు సాహిత్యంలో మెచ్చుకోళ్ళు పెళ్ళి చదివింపుల లెక్కలో నడుస్తాయి. మా పుస్తకానికి మీరు రాశారు, మీ పుస్తకానికి మేం రాస్తాం. ఎవరెంత చదివించారో అందరి దగ్గరా పద్దు ఉంటుంది. ముందుమాట రాసిన పెద్దమనిషే సభలో మాట్లాడతాడు, ఆయనే పత్రికలో సమీక్షా రాస్తాడు. ఈ లెక్కలతో సంబంధం లేని ఒక మనిషి, ఎక్కడో జగిత్యాలలోనో మదనపల్లెలోనో కూర్చుని, ఎవరి మొహమాటమూ లేకుండా రాసిన వాక్యమైతే నేను నమ్ముతాను. అది తిట్టయినా సరే.

కొనడం గురించి గోదారిగట్టు గారు చెప్పింది అబద్ధమని అనను. కానీ మీ 500లో స్నేహితులూ, బంధువులూ, ఆఫీసువాళ్ళూ మొహమాటానికి కొన్నవి తీసేస్తే ఎన్ని మిగులుతాయి? డబ్బుకీ మొహమాటం ఉంటుంది. నిర్దిష్టమైన వాక్యానికి ఉండదు, ఎందుకంటే చదవకుండా దాన్ని రాయడం కుదరదు.

ఇంకొకటి. మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో "ప్రమదావనం" శీర్షికని దశాబ్దాల పాటు నడిపారు. అది నడిచిందే పాఠకులు పంపిన ప్రశ్నల మీద. వంట గురించి, చదువు గురించి, ఇంట్లో చెప్పుకోలేని బాధల గురించి ఉత్తరాలొచ్చేవి, ఆమె జవాబిచ్చేవారు. ఆమె ఏ వారం ఏం రాయాలో ఆ ఉత్తరాలే నిర్ణయించేవి. ఆ ఆడవాళ్ళలో ఎంతమంది పత్రిక కొన్నారో, ఎంతమంది పక్కింటి నుంచి అడిగి తెచ్చుకుని చదివారో ఎవరైనా అడిగారా?

గోదారిగట్టు:

పత్రికని ఎవరో ఒకరు కొంటేనే పక్కింటావిడ అడిగి తెచ్చుకునేది. శీర్షిక అన్నేళ్ళు నడిచిందంటే పత్రిక అమ్ముడుపోవడం వల్లే. ఉత్తరాలు రాసినవాళ్ళు దాన్ని నడిపించారు, సరే. కాగితం ఖర్చు మాత్రం కొన్నవాళ్ళే పెట్టుకున్నారు.

మొహమాటం గురించి మీరన్నది ఒప్పుకుంటాను. నా దగ్గర కొన్నవాళ్ళలో నేను ఎరగనివాళ్ళు చాలా తక్కువ. అయితే ఆ తక్కువమందే నాకు లెక్క. అక్కడ నా ఓటూ మీ ఓటూ కలుస్తాయేమో. ఎరగనివాడు కొనాలి, కొన్నవాడు రాయాలి. కానీ రెంటిలో ఒకటే ఇస్తానంటే నేను ఇంకా మొదటిదే తీసుకుంటాను. రెండో పుస్తకం దానితోనే వేయగలను.

పాతపుస్తకాల పిచ్చి:

రెండో పుస్తకం ఎందుకు వెయ్యాలి అన్నదానికి జవాబు మాత్రం ఆదివారం చదువరి గారి దగ్గర ఉంది. గొడవ పెట్టడం నా ఉద్దేశం కాదు. అంటే, కొంచెం ఉంది.

రోజుకో ఎపిసోడ్:

మాస్టారూ, పైన మీరు దాచడం గురించి చెప్పినప్పటి నుంచీ ఒకటే ఆలోచన. నా సీరియల్స్ అన్నీ యాప్‌లోనే ఉన్నాయి. రేపు ఆ కంపెనీ మూసేస్తేనో, నా అకౌంటు పోతేనో, చింపి కుట్టుకోవడానికి పేజీలు కూడా ఉండవు. వర్డ్ ఫైళ్ళు కొన్ని ఉన్నాయి, మొదట రాసినవి నేరుగా ఫోన్లోనే కొట్టాను. కథానిలయంలో ఇలాంటివి తీసుకుంటారా?

శ్రీకాకుళం మాస్టారు:

వెళ్ళినప్పుడు అడిగి చెబుతానమ్మా. ఈలోగా ఫోన్లో కొట్టినవి ముందు కాపీ చేసుకుని మీ దగ్గర పెట్టుకోండి. మీ పాఠకుల్లో ఎవరైనా స్క్రీన్‌షాట్లు తీసి దాచుకున్నారేమో కూడా కనుక్కోండి. ఎదురుచూసేవాళ్ళలో ఒకరిద్దరైనా అలాంటివాళ్ళు ఉంటారు.