బెత్తం కావాలని తల్లిదండ్రులే అడుగుతున్నారు: పాఠశాల ఎంత కఠినంగా ఉండాలి?

ప్రశ్న (ఎనిమిదో తరగతి విద్యార్థి తండ్రి, గుంటూరు)

మా అబ్బాయి చదువుతున్న ప్రైవేటు పాఠశాలలో ఈ మధ్య తల్లిదండ్రుల సమావేశం జరిగింది. పిల్లలు హోంవర్కు చేయడం లేదని, ఉపాధ్యాయులంటే భయం పోయిందని, మళ్లీ బెత్తం పట్టుకుంటే తప్ప దారికి రారని అక్కడ చాలామంది తల్లిదండ్రులే గట్టిగా కోరారు. యాజమాన్యం కూడా, దండనకు అభ్యంతరం లేదని రాసిన పత్రం మీద అందరి సంతకాలు తీసుకుంటామన్నది. నేను సంతకం చేయలేదు. అలాగని పాఠశాలకు కట్టుబాట్లు అక్కర్లేదని నేను అనను. ఆలస్యంగా రావడం, సెల్‌ఫోను తేవడం, పరీక్షలో చూచి రాయడం, తోటి పిల్లల్ని ఏడిపించడం వంటి విషయాల్లో ఉపేక్ష పనికిరాదు. కొట్టకుండా, పదిమందిలో అవమానించకుండా ఆ కఠినత్వాన్ని ఎలా నిలబెట్టాలి? అసలు ఆ సంతకాలకు చట్టంలో విలువ ఉందా?

జవాబు (న్యాయవాది, హైదరాబాద్)

విలువ లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగా దండించడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. అతిక్రమించినవారిపై క్రమశిక్షణ చర్య తీసుకోవాలన్నది. తల్లిదండ్రులు ఒప్పుకుంటే కొట్టవచ్చన్న మినహాయింపు అందులో ఎక్కడా లేదు. ఆ మాటకొస్తే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంతకు ముందే, 2002లోనే, బడిలో శారీరక దండనను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. గోడకుర్చీ వేయించడం, ఎండలో నిలబెట్టడం కూడా దండనే కనుక చేతిలో బెత్తం లేదు కదా అన్న వాదన నిలవదు. ఆ పత్రం సంగతి మండల విద్యాధికారికి రాతపూర్వకంగా తెలియజేయండి.

జవాబు (జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయిని, శ్రీకాకుళం జిల్లా)

అయ్యా, 2025 మార్చిలో విజయనగరం జిల్లాలో ఒక ప్రధానోపాధ్యాయుడు, పిల్లలకు చదువు రావడం లేదని, తాము కొట్టలేమని, తిట్టలేమని చెబుతూ వాళ్ల ముందు సాష్టాంగపడి గుంజీలు తీశారు. ఆ వీడియోను రాష్ట్రమంతా చూసింది. చాలామంది మెచ్చుకున్నారు గానీ, ఒక ప్రధానోపాధ్యాయుడు అంత నిస్సహాయంగా మిగిలిపోవడం నన్ను కలచివేసింది. బెత్తం తీసేసినప్పుడు దాని స్థానంలో ఏం చేయాలో మాకెవరూ సరిగా నేర్పలేదు.

నా అనుభవంలో పనిచేసేది ఒకటే: నియమాలు తక్కువగా ఉండాలి, ముందే చెప్పాలి, ఎవరి బిడ్డకైనా ఒకేలా వర్తించాలి. హోంవర్కు చేయని పిల్లవాడు ఆ సాయంత్రం నా ఎదుట కూర్చుని పూర్తి చేశాకే ఇంటికి వెళతాడు. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు ముందే తెలిసి ఉంటుంది. ఒకరోజు వదిలేసి మరునాడు కోపంతో నాలుగు దెబ్బలు వేసే ఉపాధ్యాయుడి కన్నా, ప్రతిరోజూ తప్పకుండా కూర్చోబెట్టే ఉపాధ్యాయుడినే పిల్లలు ఎక్కువ కఠినంగా భావిస్తారు. దానికి ఓపిక కావాలి, సమయం కావాలి. తరగతిలో అరవై మందిని కుక్కి, ఉపాధ్యాయుడికి క్షణం తీరిక ఇవ్వని యాజమాన్యానికి బెత్తం చవకైన దారి. అందుకే మీ సమావేశంలో ముందు సెక్షన్‌కు ఎంతమంది ఉన్నారో అడగండి.

ఇంకొక మాట. పని ఎందుకు చేయలేదో అడగకుండా శిక్ష వేయవద్దు. మా దగ్గర లెక్క అర్థంకాక వదిలేసేవాళ్లున్నారు, తల్లి పనికి వెళితే చెల్లెల్ని చూసుకునేవాళ్లున్నారు, ఒట్టి బద్ధకంతో మానేసేవాళ్లూ ఉన్నారు. ముగ్గురికీ ఒకే మందు పనిచేయదు.

జవాబు (విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, కరీంనగర్)

ఉపాధ్యాయినిగారు చెప్పినది సబబే, కానీ తల్లిదండ్రుల వైపు లోపాన్ని ఆమె సున్నితంగా దాటవేశారు. ఈ రోజుల్లో గట్టిగా మందలించినా బంధువులను వెంటబెట్టుకొని వచ్చి నిలదీసేవారున్నారు. పద్నాలుగేళ్ల పిల్లవాడి చేతికి బైకు తాళం ఇచ్చిన తండ్రే, బడిలో వాడికి భయం లేదని వాపోతాడు. చట్టం దెబ్బను, వేధింపును నిషేధించిందే తప్ప తప్పును తప్పని చెప్పడాన్ని నిషేధించలేదు. ఆ మాత్రం అధికారాన్ని ఇంటివాళ్లు గౌరవించకపోతే ఏ ఉపాధ్యాయుడూ పూనుకొని ముందుకు రాడు.

జవాబు (ఇంటర్ విద్యార్థిని తల్లి, విజయవాడ)

విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ల వరకే వర్తిస్తుంది. అసలు కాఠిన్యం ఆ తరువాతే మొదలవుతుంది. హాస్టల్ కళాశాలల్లో తెల్లవారకముందే స్టడీ అవర్, వారాంతపు పరీక్ష, మార్కులను బట్టి సెక్షన్ మార్పు ఉంటాయి. అక్కడ ఎవరూ చేయి చేసుకోకపోయినా, కింది సెక్షన్‌కు పంపిన రోజు మా అమ్మాయి అన్నం ముట్టలేదు. విశాఖపట్నంలో శిక్షణ పొందుతూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు జారీ చేసిన మార్గదర్శకాలు, మార్కుల ఆధారంగా బ్యాచ్‌లుగా విడదీయవద్దని, అందరిలో అవమానించవద్దని, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థ అర్హత గల కౌన్సెలర్‌ను నియమించుకోవాలని చెప్పాయి. మీ బడిలో కౌన్సెలర్ ఉన్నారా, మార్కుల జాబితాను గోడకు అంటిస్తున్నారా అన్నవి కూడా మీరు విద్యాధికారికి రాసే లేఖలో చేర్చండి.