పదిహేను మంది ఉన్న ‘సిటీ’ని తెలుగులో ఏమందాం?

అనువాదం చేస్తూ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. అమెరికాలో అయోవా రాష్ట్రం, రింగ్‌గోల్డ్ కౌంటీలో బీకన్స్‌ఫీల్డ్ అనే ఊరుంది. 2010 జనాభా లెక్కల్లో అక్కడ ఉన్నది 15 మంది. కాగితాల మీద మాత్రం అది సిటీ. ‘బీకన్స్‌ఫీల్డ్ నగరం’ అని రాశాను గానీ మనసొప్పలేదు. నగరం అనగానే మనకు ట్రాఫిక్కూ ఫ్లైఓవర్లూ కళ్లముందుకొస్తాయి కదా.

చిక్కంతా చట్టంలో ఉంది. అయోవాలో టౌను, విలేజి అని వేరే హోదాలు లేవు. సొంత పాలన హక్కు వచ్చిన ప్రతి ఊరూ సిటీయే, రాజధాని డి మొయిన్‌తో సమానంగా. అదే పక్కనున్న నెబ్రాస్కాలో మొనోవైని విలేజి అంటారు. 2010 లెక్కల్లో అక్కడ ఎల్సీ ఐలర్ ఒక్కరే. ఊరికి మేయరూ, క్లర్కూ, ట్రెజరరూ ఆవిడే. భర్త రూడీ 2004లో పోయాక, ఆయన పోగుచేసిన దాదాపు 5 వేల పుస్తకాలతో చిన్న గదిలో లైబ్రరీ నడిపారు. అంటే సిటీ, విలేజి అన్నవి అక్కడ జనాన్ని లెక్కపెట్టి చెప్పే మాటలు కావు.

మనకూ ఇది కొత్త కాదు. తెలంగాణలో 2018 చట్టంతో 500 జనాభా దాటిన తండాలు గ్రామపంచాయతీలయ్యాయి. ఇళ్లు అవే, మనుషులు వాళ్లే. మారింది హోదా.

ఒకరి జవాబు: ‘పేరు గొప్ప ఊరు దిబ్బ’ అంటే సరిపోతుందిగా! కాదంటే నగర పంచాయతీ అనండి.

నా మాట: ఆ సామెత ఇక్కడ వద్దండీ, మనసుకి కష్టంగా ఉంది. 1930లో చార్లెస్ హైడ్, డేవిడ్ వ్రెడెన్‌బర్గ్ కలిసి కిరాణా కొట్టు పెట్టింది బీకన్స్‌ఫీల్డ్‌లోనే. వాళ్ల ఇంటిపేర్లలోంచి పుట్టిన పేరే హై-వీ, ఇవాళ అమెరికా మధ్య రాష్ట్రాల్లో అందరికీ తెలిసిన సూపర్‌మార్కెట్. దిబ్బ ఎలా అవుతుంది? ఇక నగర పంచాయతీ అంటే, పట్టణంగా మారుతున్న పెద్ద ఊరు అనుకుంటారు మనవాళ్లు. బీకన్స్‌ఫీల్డ్‌ది అందుకు పూర్తిగా తిరగబడిన కథ.

నా ఓటు ‘ఊరు’కే. మొదటిసారి ‘సిటీ హోదా ఉన్న ఊరు’ అని రాసి, ఆపైన ఊరు అంటే చాలు. మేయర్‌ని సర్పంచ్ చేయక్కర్లేదు, మేయర్ అన్న మాట మనకు తెలిసిందే.