మడతల్లో వంగని జరీ పూలు: మధ్యయుగాంతపు చిత్రాల్లో బంగారు బట్ట

ప్రశ్న

సిమోనె మార్తీని, లిప్పో మెమ్మి 1333లో సియెనా ప్రధాన దేవాలయం కోసం చేసిన ‘మంగళవార్త’ (యేసు పుట్టబోతున్నాడని గబ్రియేలు దూత మరియమ్మకు చెప్పే ఘట్టం) కొయ్య ఫలక చిత్రాన్ని (ఇప్పుడది ఫ్లోరెన్సులోని ఉఫీజీ చిత్రశాలలో ఉంది) పెద్దది చేసి చూస్తుంటే, గబ్రియేలు దూత తెల్లని వస్త్రం మీది బంగారు ఆకులు రంగుపైన వేసినట్టు కాక రంగు లోపలి నుంచి మెరుస్తున్నట్టు తోచింది. ఆ కాలపు ఇతర ఫలకాల్లోనేమో బట్ట మడతలు పడినా దాని మీది పూలు మాత్రం వంగకుండా, పరచిన చాపలా ఉంటాయి. ఇది చిత్రకారుల చేతగానితనమా? అలాగే 15వ శతాబ్దపు జర్మన్ కొయ్య విగ్రహాల అంగీల మీద సన్నని గీతలతో కనిపించే నల్లటి చతురస్రపు అతుకులు ఏమిటో తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1

మీ కన్ను మోసపోలేదు. బంగారం నిజంగానే అడుగున ఉంది. సుద్దపూత మీద ఎర్రమట్టి పూసి, దానిపై బంగారు రేకు అతికి, నునుపైన రాతితో మెరుగు పెట్టి, ఆ తరువాత బట్ట ఉండవలసినంత మేరా గుడ్డుసొనతో కలిపిన రంగుతో కప్పేసేవారు. నమూనా గీసిన కాగితానికి సూదితో చిల్లులు పొడిచి, పొడి మూటతో తట్టి ఆ చుక్కలను రంగు మీదికి దింపి, పువ్వు రావలసిన చోట రంగును పుల్లతో గీకి తీసేసేవారు. 1400 ప్రాంతంలో ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని తన చేతిపుస్తకంలో ఈ పద్ధతినే వివరించాడు. పుల్ల గట్టి కొయ్యదో ఎముకదో అయి ఉండాలి, లోహపు మొన అయితే అడుగున ఉన్న పలచని రేకు చిరిగిపోతుంది. చివరగా, బయటపడిన బంగారంలో చిన్న మొనతో చుక్కలు గుద్దితే వెలుగు చెదిరి, నేతలోని జరీపోగులా తళుకుమంటుంది. కనబడని చోట కూడా బంగారం పరచడం దుబారాగా అనిపించవచ్చు గాని, ఒక్కొక్క ఆకు ఆకారానికీ రేకు కత్తిరించి అతకడం కంటే ఇదే సులువు.

పూలు వంగకపోవడానికి మొదటి కారణం ఆ చిల్లుల కాగితమే. మడతలను రంగు ఛాయలతో చూపినా, నమూనాను మాత్రం ఉన్నదున్నట్టు దింపేవారు. చేతగానితనమని నేననుకోను. ఆసియా నుంచి వచ్చిన ఖరీదైన పట్టును గుర్తుపట్టగల కొనుగోలుదారుకు మడత కన్నా నమూనా ముఖ్యం.

సమాధానం 2

విగ్రహాల సంగతి వేరు. మీరు చూసినవి అచ్చు బ్రొకేడు (జరీ బట్టను అచ్చుతో అనుకరించిన) ముక్కలు. గీతలు చెక్కిన అచ్చులోకి పలచని తగరపు రేకును కొట్టి దించి, వెనుక గుంటలను మైనంతోనో సుద్ద, జిగురు మిశ్రమంతోనో నింపి, పలకలా బయటికి తీసి విగ్రహం మీద ఒకదాని పక్కన ఒకటి అతికించేవారు. పైన బంగారు రేకు వేసి, దానిమ్మ నమూనాను రంగుతో పూరించేవారు. ఆ సన్నని గీతలు పోగుల వరుసకు అనుకరణ. కొన్నింటిలో సెంటీమీటరుకు 10కి పైగా ఉంటాయి. పక్కనుంచి వెలుతురు పడితే ఒక్కొక్క గీతా నేసిన పోగులా పైకి తేలుతుంది. కాలక్రమంలో బంగారం అరిగిపోయి, తగరం పాడై నల్లబడుతుంది. పలకల అంచులు కలవని చోట నమూనా తెగిపోతుంది కనుకనే మీకు చతురస్రాలు కనిపించాయి.

సమాధానం 3

మడతతో పాటు వంగే పూలు కావాలంటే బ్రూజులో ఉన్న యాన్ వాన్ ఐక్ 1436 నాటి చిత్రం చూడండి. కానన్ (దేవాలయ మతాధికారి) వాన్ డెర్ పాలె పక్కన మరియమ్మ కూర్చున్న ఆ చిత్రంలో, సంత్ దొనాషియన్ నీలి జరీ అంగీ మీది పువ్వు మడతలోకి దిగి సగం మాయమవుతుంది. ఆ జరీలో బంగారు రేకు లేదు. నూనెరంగుల్లో పసుపు, గోధుమ చుక్కలే పోగుల మెరుపును పుట్టించాయి. అదే కాలంలో ఇటలీలో పండితుడు, వాస్తుశిల్పి అల్బెర్తీ, 1435 నాటి తన చిత్రకళా గ్రంథంలో, బంగారాన్ని రంగులతోనే చూపగలవాడిని మెచ్చుకున్నాడు. అతని అభ్యంతరం కచ్చితమైనది: చదునైన ఫలకం మీద అసలు బంగారం పెడితే, వెలుగుగా ఉండవలసిన చోటు ఒక వైపు నుంచి చీకటిగానూ, చీకటిగా ఉండవలసినది వెలుగుగానూ కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. అల్బెర్తీ లోపమన్నదే గబ్రియేలు వస్త్రానికి అందమనిపిస్తోంది: చూసేవాడు కదిలితే ఆకులు కొన్ని ఆరిపోయి, కొన్ని వెలుగుతాయన్నమాట.