లొకేషన్ కోషెంట్ 3 వస్తే క్లస్టర్ ఉన్నట్టేనా?

ప్రశ్న: నంద్యాల జిల్లా మీద ప్రాజెక్ట్ రిపోర్టు రాస్తున్నాను. లెక్క సులువుగా ఉండాలని ఊహా అంకెలు ఇస్తున్నా: జిల్లా ఫ్యాక్టరీల్లో 20,000 మంది, ఎన్‌ఐసీ (జాతీయ పరిశ్రమల వర్గీకరణ) కోడ్ 23లో, అంటే సిమెంటు, రాయి, ఇటుక లాంటి వాటిలో, 3,600 మంది, అంటే 18 శాతం. దేశంలో ఆ వాటా 6 శాతం అనుకుంటే లొకేషన్ కోషెంట్ (జిల్లా వాటాను దేశం వాటాతో భాగిస్తే వచ్చేది) 18÷6 = 3. ఒకటి దాటితే ప్రత్యేకత ఉన్నట్టే అంటారు కదా, క్లస్టర్ (ఒకదానిమీద ఒకటి ఆధారపడే యూనిట్ల గుంపు) అని రాసేయొచ్చా?

జవాబు 1: అప్పుడే వద్దు. 23లో సిమెంటు (2394), రాయి కోత, పాలిష్ (2396) కలిసే ఉంటాయి. మీ జిల్లాలో రెండూ ఉన్నాయి. పైగా వార్షిక పరిశ్రమల సర్వే చూసేది కరెంటుతో నడిస్తే కనీసం 10 మంది, కరెంటు లేకపోతే కనీసం 20 మంది ఉన్న ఫ్యాక్టరీలనే. బేతంచెర్ల బండల పాలిష్ యూనిట్లలో పదిమందికి లోపు పనిచేసేవి ఇందులోకి రావు. అంటే ఆ 3 చాలావరకు సిమెంటుదే కావచ్చు.

జవాబు 2: అన్నిటికన్నా పెద్ద ఫ్యాక్టరీని తీసేసి మళ్లీ లెక్క కట్టండి. అందులో 1,500 మంది ఉంటే మిగిలేది 18,500లో 2,100, అంటే 11.4 శాతం. కోషెంట్ 1.9కి పడిపోతుంది. ఎలిసన్–గ్లేజర్ సూచీ (1997) ఈ పెద్ద ఫ్యాక్టరీల ప్రభావాన్నే పద్ధతిగా తీసేస్తుంది, కానీ జిల్లా రిపోర్టుకి అంత అక్కర్లేదు.

సిమెంటు ఒకచోట చేరడానికి కారణం వేరు. టన్ను క్లింకర్‌కి (పొడి చేస్తే సిమెంటు అయ్యే కాల్చిన ముద్దలు) దాదాపు టన్నున్నర సున్నపురాయి కావాలి, అందుకే ఫ్యాక్టరీ గని పక్కకే పోతుంది. పక్క ఫ్యాక్టరీతో దానికి పనిలేదు. తమిళనాడులోని తిరుప్పూరు అల్లిక బట్టల పరిశ్రమ అలా కాదు: అల్లిక, రంగు, ప్రింటింగ్, కుట్టు అన్నీ వేర్వేరు యూనిట్లలో జాబ్‌వర్క్. నొయ్యల్ నది కాలుష్యం కేసులో 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు డైయింగ్ యూనిట్లు మూయమంటే ఆ దెబ్బ కుట్టు యూనిట్లకీ తగిలింది. బేతంచెర్లలో మీరు వెతకాల్సింది అలాంటి లంకెలే: బ్లేడ్లకు పళ్లు వేసేదెవరు, మిషన్లు బాగుచేసేదెవరు, లోడు కుదిర్చేదెవరు, వాళ్లు ఎన్ని యూనిట్లకు పనిచేస్తారు.

ప్రశ్న అడిగినవారు: చిన్న యూనిట్ల కోసం 2013 ఆర్థిక గణన వాడొచ్చా?

జవాబు 1: వాడొచ్చు, కానీ అందులో కోడ్ మూడంకెలే. 239లో సిమెంటు, రాయి మళ్లీ ఒకటైపోతాయి. పదిమంది లోపు యూనిట్లనే తీసుకుంటే సిమెంటు జారిపోతుంది, ఇటుక బట్టీలు మాత్రం మిగులుతాయి, చూసుకోండి. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది కాబట్టి పాత కర్నూలు డేటాలోంచి మండలాలవారీగా ఏరుకోవాలి. దేశం వాటా కూడా అదే గణన నుంచి, అదే పదిమంది హద్దుతో తీయండి. ఒకటి సర్వేదీ ఇంకొకటి గణనదీ కలిపితే వచ్చిన కోషెంట్‌కి అర్థం ఉండదు.