చికాగో పాత చెక్క ఇళ్లు, స్వీడన్ వడ్రంగులు

ప్రశ్న (క్లార్క్ వీధి):
మేము చికాగోలో ఆండర్సన్‌విల్ పక్కన ఉంటున్నాం. ఇక్కడి పాత చెక్క ఇళ్లన్నీ స్వీడన్ వడ్రంగులు కట్టినవేనని చెబుతారు. అంతమంది వడ్రంగులు ఒకే దేశం నుంచి ఎలా వచ్చారు?

జవాబు (బాడిస):
వచ్చినవాళ్లంతా వడ్రంగులు కారండీ. 1867-69 కరువుకు దక్షిణ స్వీడన్‌లోని స్మోలాండ్ లాంటి రాళ్ల నేలలు వదిలి వచ్చినవాళ్లలో చిన్న రైతులు, కూలీలే ఎక్కువ. కాకపోతే అడవుల దేశం కదా, గొడ్డలి పట్టడం చాలామందికి తెలుసు. దుంగ చెక్కడం, మూలల్లో గాడి కొట్టి ఒకదానిపై ఒకటి కూర్చడం, సందుల్లో నాచు కూరడం: అదీ వాళ్ల ఊళ్లో ఇల్లు కట్టే తీరు.

చికాగోలో ఆ నేర్పు ఎవరికి కావాలి? అప్పటికే మిల్లులో కోసిన సన్నని చెక్కలు నిలబెట్టి, యంత్రంతో చేసిన మేకులు కొట్టి బిగించేసేవారు. మా నాన్న వడ్రంగి. చెక్కలో చెక్క దిగకుండా మేకు కొడితే ఆయన దాన్ని పనే అనేవారు కాదు. ఆ స్వీడన్ మేస్త్రీలూ మొదట్లో అలాగే ముక్కు విరిచి ఉంటారని నా ఊహ. కానీ 1871 అక్టోబరు అగ్నిప్రమాదంలో 17,000 పైగా కట్టడాలు బూడిదయ్యాయి. ఊరంతా మళ్లీ కట్టాలి. సుత్తి పట్టగలిగితే చాలు, పని దొరికేది.

జవాబు (మంచు దారి):
ఆడవాళ్లను మరిచారు. చలికాలంలో కట్టుబడి పనులు సన్నగిల్లేవి. స్వీడన్ అమ్మాయిలు చాలామంది ధనికుల ఇళ్లలో వంటకూ పనికీ కుదిరారు. వాళ్ల జీతానికి మంచుతో పని లేదు.

ప్రశ్న (క్లార్క్ వీధి):
నగరమే తగలబడ్డాక కూడా మళ్లీ చెక్క ఇళ్లేనా?

జవాబు (బాడిస):
నగరం హద్దుల్లో చెక్క ఇళ్లు కట్టకుండా అడ్డుకున్నారు. ఇటుక ఇల్లు కూలివాడి తాహతుకు మించినది. అందుకే చాలామంది ఉత్తరాన హద్దు దాటి కట్టుకున్నారు. మీ ఆండర్సన్‌విల్ 1889 దాకా చికాగోలో లేదు, అప్పట్లో వేరే ఊరైన లేక్ వ్యూ కిందికి వచ్చేది.

మీది ఆ కాలపు ఇల్లే అయితే ఒకసారి నేలమాళిగలోకి దిగి, గోడ చెక్కల మధ్య లైటు వేసి పైకి చూడండి. అడ్డు చెక్కలు లేకుండా ఖాళీ అటకదాకా పోతే, నిప్పు అంటుకున్నప్పుడు ఆ గోడే పొగగొట్టం అవుతుంది. గోడ విప్పే పని పడితే ప్రతి అంతస్తు దగ్గరా అడ్డు చెక్కలు బిగించమని మేస్త్రీకి ముందే చెప్పండి.