ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ ఓవర్‌క్లాక్: మన ఎండల్లో చేయొచ్చా, వద్దా?

దేవరకొండ_ప్లేయర్
అన్నలూ, నా దగ్గర ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ చిప్ ఉన్న ల్యాప్‌టాప్ ఉంది. గ్రాఫిక్స్ మెమరీ 4 జీబీ, ర్యామ్ 8 జీబీ ఒకటే స్టిక్. సైబర్‌పంక్ 2077 గేమ్ మీడియంలో పెట్టినా ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) 40 దగ్గరే కొట్టుకుంటోంది, మధ్యమధ్యలో బొమ్మ ఆగి ఆగి వస్తోంది. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని గ్రాఫిక్స్ కోర్ మీద ఒక 150 మెగాహెర్ట్జ్, మెమరీ మీద ఒక 500 పెంచితే పైసా ఖర్చు లేకుండా స్పీడ్ వస్తుందని, దీన్నే ఓవర్‌క్లాక్ అంటారని వీడియోల్లో చూశాను. మా బావేమో ముట్టుకోకురా, కాలిపోద్ది అంటున్నాడు. వారంటీ ఇంకా ఉంది, ఇంట్లో ఏసీ లేదు, కూలరే. చేయొచ్చా, వద్దా? సూటిగా చెప్పండి.

క్లాక్‌టవర్_సర్వీస్
వద్దు తమ్మీ. నల్లగొండలో బోర్డు రిపేర్లే నా పని. ఏప్రిల్, మే వచ్చిందంటే నా టేబుల్ మీద గేమింగ్ ల్యాప్‌టాప్‌లు వరుస కడతాయి. బయట 44, 45 డిగ్రీలుంటే రేకుల గదిలో పరుపు మీద పెట్టుకుని ఆడేవాళ్లున్నారు. వెనక మూత విప్పి చూస్తే ఫ్యాన్‌కీ రాగి రెక్కలకీ మధ్య దుమ్ము గొంగడి ముక్కలా పట్టేసి ఉంటది, పట్కారుతో ఒక మూల పట్టి లాగితే మొత్తం ఒకే పొరగా ఊడొస్తది. కింద చూస్తే చిప్ వేడిని రాగికి అందించే పేస్ట్ ఎండిపోయి పెచ్చులు. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచినవి కూడా వస్తుంటాయి, ఓనరేమో క్లిక్ పడట్లేదు, టచ్‌ప్యాడ్ మార్చమంటాడు. చిప్ టెంపరేచర్ ఒక్కటి చూసి మీరంతా 80లోనే ఉంది, పర్వాలేదు అనుకుంటారు. కరెంటు అందించే మాస్‌ఫెట్‌ల వేడి ఎంతుందో చాలా ల్యాప్‌టాప్‌లలో మీకు చూపించనే చూపించరు. నా దగ్గరికి చచ్చి వచ్చే బోర్డుల్లో పోయింది చాలాసార్లు అవే.

పాలమూరు_పిక్సెల్
అన్నా, మీ అనుభవానికి దండం. కానీ మీరు చెప్పినవన్నీ దుమ్ము కేసులు, ఎండిన పేస్ట్ కేసులు. వాటిలో ఎన్ని ఓవర్‌క్లాక్ చేసినవో మీకు బోర్డు చూసి తెలియదు, ఎందుకంటే ఆ సెట్టింగ్ బోర్డు మీద ఎక్కడా రాసి ఉండదు.

అసలు లెక్క చెప్తా. ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్ ఎన్ని వాట్లు తాగొచ్చో వీబయోస్‌లో, అంటే ఆ చిప్‌ను నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్‌లో, ముందే రాసి ఉంటుంది. 3050 ల్యాప్‌టాప్ చిప్‌ను 35 నుంచి 80 వాట్ల దాకా ఎక్కడైనా పెట్టుకోమని చిప్ తయారుచేసే ఎన్‌విడియా ల్యాప్‌టాప్ కంపెనీలకు వదిలేసింది, అందుకే ఒకే పేరున్న రెండు ల్యాప్‌టాప్‌లు ఒకేలా పరిగెత్తవు. ఆఫ్టర్‌బర్నర్ తెరిస్తే పవర్ లిమిట్, వోల్టేజ్ స్లైడర్లు రెండూ ల్యాప్‌టాప్‌లలో మామూలుగా బూడిద రంగులో, కదలకుండా ఉంటాయి. మనం జరపగలిగేది కోర్, మెమరీ మాత్రమే. కోర్ మీద ప్లస్ 100 పెడితే ఏ వోల్టేజ్‌కి ఎంత స్పీడ్ అనే గీత మొత్తం పైకి జరుగుతుంది, అంటే ఇంతకుముందు ఇచ్చే వోల్టేజ్‌కే ఇంకాస్త ఎక్కువ మెగాహెర్ట్జ్. చిప్‌కి వెళ్లే గరిష్ఠ వోల్టేజ్ పెరగలేదు. వాట్లు 60 దగ్గర తాళం వేసి ఉంటే 60 దగ్గరే ఆగుతాయి. వేడి అంటే ఆ వాట్లే కదా, కొత్తగా ఎక్కడి నుంచి పుడుతుంది? డెస్క్‌టాప్‌లో వోల్టేజ్ ఎక్కించి చేసే ఓవర్‌క్లాక్‌ను, దీన్ని ఒకే గాటన కట్టొద్దు.

క్లాక్‌టవర్_సర్వీస్
లెక్క బాగానే ఉంది, పేపర్ మీద. గ్రాఫిక్స్ ఫ్రేములు ఎక్కువ తీస్తే ఆ ఫ్రేములకు పని సిద్ధం చేసేది ఎవరు? ప్రాసెసరే కదా. రెండిటికీ చాలా మోడళ్లలో రాగి గొట్టాలు ఉమ్మడివే. గ్రాఫిక్స్ 60 దగ్గరే ఆగినా ప్రాసెసర్ ఇంకో పది వాట్లు లాగితే మొత్తం పెట్టె వేడెక్కదా? పైగా గేమ్ తేలికదైతే ముందు 45 వాట్లే తాగే చిప్ ఇప్పుడు మెగాహెర్ట్జ్ పెరిగి 55కి పోతుంది. నీ తాళం 60 దగ్గరుంది కాబట్టి ఆపదు.

పాలమూరు_పిక్సెల్
ఇది కరెక్ట్ పాయింట్, ఒప్పుకుంటా. దానికి మందు కూడా ఉంది. గేమ్‌లో ఎఫ్‌పీఎస్‌ను 60కి కట్టేయాలి, విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99 చేస్తే టర్బో (ప్రాసెసర్ తనంతట తానే స్పీడ్ పెంచుకోవడం) ఆగిపోతుంది, వేడి ఒక్కసారిగా దిగుతుంది. ప్రాసెసర్ మీద ఆధారపడే వాలరెంట్ లాంటి గేముల్లో మాత్రం అలా చేస్తే ఎఫ్‌పీఎస్ పడుతుంది, అక్కడ చేయొద్దు. నేనైతే స్పీడ్ కోసం కాకుండా చల్లదనం కోసం అదే ఆఫ్టర్‌బర్నర్‌ను వాడతా. కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే ఆ గీత తెరుచుకుంటుంది, 800 మిల్లీవోల్టుల దగ్గర చుక్కను పైకి లాగి, అక్కడి నుంచి కుడివైపంతా చదునుగా చేస్తే చిప్ అంతకన్నా ఎక్కువ వోల్టేజ్ అడగదు. వాట్లు వోల్టేజ్ వర్గంతో పెరుగుతాయి కాబట్టి కొంచెం దించినా మస్తు తేడా. స్పీడ్ దాదాపు అంతే, ఫ్యాన్ మోత తక్కువ.

మిర్యాలగూడ_పెళ్లివీడియో
నాదొక లొల్లి చెప్తా వినండి. సెకండ్ హ్యాండ్‌లో 3060 ల్యాప్‌టాప్ కొన్నాను, పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కి. ముహూర్తాల సీజన్‌లో రాత్రంతా ఎక్స్‌పోర్ట్ పెట్టి పడుకుంటే పొద్దున లేచేసరికి సగంలో ఆగి ఉండేది. ఒక వీడియోలో సరిగ్గా తలంబ్రాలు పోసే చోట తెర మీద ఆకుపచ్చ గళ్లు. పెళ్లివాళ్లకు ఏం సమాధానం చెప్పాలి? డ్రైవర్ మార్చాను, విండోస్ రిపేర్ చేశాను. విండోస్ ఈవెంట్ లాగ్‌లో 4101 నంబర్‌తో డిస్‌ప్లే డ్రైవర్ ఆగి మళ్లీ లేచిందని వరుసగా ఉంది. చివరికి చూస్తే అమ్మినవాడు ఆఫ్టర్‌బర్నర్‌లో కోర్, మెమరీ రెండూ బాగా పెంచి, స్టార్టప్‌లో దానంతటదే ఎక్కేటట్టు టిక్ పెట్టి వదిలేశాడు. అమ్మేటప్పుడు ఒక్క మాట చెప్పలేదు. ఆ టిక్ తీసేశాక మళ్లీ రాలేదు ఆ సమస్య.

ఇంకో సంగతి, ఎక్స్‌పోర్ట్‌లో వీడియోను కుదించే పని ఎన్‌వెంక్ అనే విడి భాగం చేస్తుంది, కోర్ పెంచితే దానికి ఒరిగేది పెద్దగా ఉండదు. నాయిస్ తీసేయడం, కలర్ ఎఫెక్టులు లాంటివే కోర్ మీద నడుస్తాయి. అంటే మా పనికి లాభం తక్కువ, పరేషాన్ ఎక్కువ.

పాలమూరు_పిక్సెల్
డబ్బులొచ్చే పని నడిచే మెషీన్ మీద చేయొద్దని నేనూ అంటాను. గేమ్‌లో ఒక ఫ్రేమ్‌లో నాలుగు చుక్కలు తప్పినా ఎవడూ చూడడు. మెమరీ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఈ చిప్‌లతో వచ్చే జీడీడీఆర్6 రకం గ్రాఫిక్స్ మెమరీలో డేటా పోయేటప్పుడు తప్పు దొర్లితే పట్టుకుని మళ్లీ పంపుకునే ఏర్పాటు ఉంది, అందుకే హద్దు దాటినా వెంటనే క్రాష్ కాదు, పైపెచ్చు స్కోరు తగ్గడం మొదలవుతుంది. చాలామంది క్రాష్ కాలేదు కదా అని ఇంకా పెంచుకుంటూ పోతారు, ఎఫ్‌పీఎస్ ఎందుకు పడిందో అర్థం కాదు.

వనపర్తి_పాతకాపు
ఈ గొడవ కొత్తదేం కాదు పిల్లలూ. 2015 ఫిబ్రవరిలో ఎన్‌విడియా 347.29 డ్రైవర్‌తో జీటీఎక్స్ 900ఎం ల్యాప్‌టాప్‌లలో ఓవర్‌క్లాకింగ్‌ను మూసేసింది. ల్యాప్‌టాప్ చల్లబరిచే ఏర్పాటు దీనికి కాదు అన్నట్టుగా చెప్పింది. కొన్నవాళ్లు భగ్గుమన్నారు, మార్చిలో వచ్చిన 347.88తో మళ్లీ తెరిచేసింది. వేడి గురించిన శాస్త్రం నెల రోజుల్లో మారలేదు కదా, మారింది జనం కోపాన్ని చూసిన కంపెనీ మనసే. కాబట్టి కంపెనీ వద్దంది అనేదీ, కంపెనీయే వదిలింది కదా అనేదీ రెండూ వాదనకు పనికిరావు.

ముందు నీ చిప్‌కి ఎన్ని వాట్లిచ్చారో చూసుకో. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ నొక్కితే గరిష్ఠ గ్రాఫిక్స్ పవర్ అని ఉంటుంది. ఛార్జర్ మీద ఉన్న వాట్లు కూడా చూడు, ఒరిజినల్ పోయి బజారులో దొరికిన చిన్నది వాడుతుంటే గ్రాఫిక్స్‌కి తిండే సరిగా అందదు, ఇక ఓవర్‌క్లాక్ దేనికి?

కొల్లాపూర్_కోడర్
తమ్ముడి ల్యాప్‌టాప్ సంగతి వదిలేసి అందరూ సిద్ధాంతాలు మాట్లాడుతున్నారు. సైబర్‌పంక్‌కి 2023లో కనీస అవసరాలు మార్చారు, ర్యామే 12 జీబీ ఉండాలని, గ్రాఫిక్స్ మెమరీ 6 జీబీ అని అందులోనే ఉంది. తమ్ముడికి ఉన్నవి 8, 4. బొమ్మ ఆగి ఆగి రావడం అంటే చిప్ నెమ్మది అని కాదు, మెమరీ నిండిపోయి డేటా అటూ ఇటూ తిరుగుతోందని. కోర్ మీద 150 కాదు, 300 పెట్టినా ఆ ఆగడం పోదు.

తమ్ముడూ, ముందు ఇంకో 8 జీబీ స్టిక్ వేయించు. రెండు స్టిక్కులుంటే డ్యూయల్ ఛానెల్ అయి ప్రాసెసర్‌కి డేటా రెట్టింపు దారిలో అందుతుంది. గేమ్‌లో టెక్స్చర్స్‌ను ‘లో’ సెట్టింగ్‌కి దించు, బొమ్మను చిన్నగా గీసి పెద్దది చేసే డీఎల్‌ఎస్‌ఎస్‌ను క్వాలిటీలో పెట్టు. బయోస్‌లోనో కంపెనీ యాప్‌లోనో మక్స్ స్విచ్ (తెరను ఏ గ్రాఫిక్స్‌కి కలపాలో ఎంచుకునేది) ఉంటే డిస్క్రీట్ మోడ్‌లో, అంటే విడి గ్రాఫిక్స్ చిప్ మీద పెట్టు. ఓవర్‌క్లాక్‌తో వచ్చేది మహా అయితే నూటికి అయిదారు, 40 ఉన్నది 42 అవుతుంది. దాని కోసం ఇంత టెన్షన్ అవసరమా?

క్లాక్‌టవర్_సర్వీస్
అక్క చెప్పిందే నేనూ చెప్పబోయాను. స్టిక్ వేసేటప్పుడు ఎలాగూ మూత తీస్తారు, అప్పుడే దుమ్ము దులిపించుకో. దులిపేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోమను, బ్లోయర్ గాలికి అది ఇష్టమొచ్చినట్టు తిరిగితే బేరింగ్ పోతుంది. కూలర్ గురించి కూడా చెప్పాలి. మన పొడి ఎండలో కూలర్ గది వేడిని బాగా దించుతుంది, గది ఎంత చల్లబడితే చిప్ కూడా సుమారుగా అంతే చల్లబడుతుంది. కానీ దాని మూతికి ఎదురుగా ల్యాప్‌టాప్ పెట్టొద్దు, నీటి తుంపర లోపలికి పోయి బోర్డు మీద తెల్లగా ఉప్పు పట్టినవి, చిప్‌ల కాళ్లు పచ్చబడినవి చూశాను. పక్కకు పెట్టుకో, కిటికీ తెరిచి ఉంచు.

దేవరకొండ_ప్లేయర్
అందరికీ థ్యాంక్స్. స్టిక్ వేయించాను, క్లీనింగ్ చేయించాను. ఆగి ఆగి రావడం దాదాపు పోయింది. అయినా మనసు ఆగట్లేదు, ఒకసారి చేసి చూడాలని ఉంది. పిక్సెల్ అన్నా, వరుస చెప్పవా?

పాలమూరు_పిక్సెల్
ముందు ఏమీ మార్చకుండా యూనిజిన్ సూపర్‌పొజిషన్ అనే గ్రాఫిక్స్ టెస్ట్ పెట్టి స్కోరు, టెంపరేచర్, వాట్లు రాసి పెట్టుకో. జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెర్ఫ్‌క్యాప్ రీజన్ (స్పీడ్‌ను ఆపుతున్న కారణం) అని ఒక పట్టీ ఉంటుంది, అందులో థర్మల్ అని పడుతుంటే అక్కడితో ఆపేయ్, వేడికే స్పీడ్ తగ్గించుకుంటున్న చిప్‌ను పెంచి లాభం లేదు. చాలా మోడళ్లు 87 డిగ్రీల దగ్గర తమంతట తామే తగ్గించుకుంటాయి. పవర్ అని పడితే ముందుకు వెళ్లొచ్చు. కోర్‌ను 25, 25గా పెంచు, ప్రతిసారీ టెస్ట్ నడుపు. తెర మీద మెరుపులు, చుక్కలు కనిపించినా, తెర నల్లబడి తిరిగి వచ్చినా నలభై యాభై వెనక్కి రా. కోర్ తేలాకే మెమరీ ముట్టుకో, రెండూ ఒకేసారి పెంచితే ఏది తేడా కొట్టిందో తెలియదు. టెస్ట్ పాసైనా గేమ్‌లో పడిపోతుంది కొన్నిసార్లు, గంటసేపు అసలు గేమ్ ఆడి చూడాలి, అదీ రాత్రి చల్లని పూట కాదు, మధ్యాహ్నం. స్టార్టప్ టిక్ మాత్రం పెట్టకు, మిర్యాలగూడ అన్న కథ విన్నావుగా. టిక్ లేకపోతే ఏం జరిగినా రీస్టార్ట్ చేస్తే అంతా పాత స్థితికే వస్తుంది.

క్లాక్‌టవర్_సర్వీస్
రీస్టార్ట్ చేస్తే ఆనవాలు ఉండదు, కాబట్టి వారంటీకి ఇబ్బంది లేదు అని తర్వాత చెప్తారు చూడండి. వారంటీ కాగితంలో ఓవర్‌క్లాక్ కవర్ కాదని ఉంటే కాదు, వాళ్లు కనిపెట్టలేరన్నది వేరే సంగతి. నా మాట ఇప్పటికీ వద్దనే.

పాలమూరు_పిక్సెల్
దాచమని నేనెక్కడా అనలేదన్నా. కాగితం చదువుకుని, వద్దని ఉంటే వారంటీ అయిపోయాక చేసుకోమనే చెప్తా.

గద్వాల్_రైడర్
నాదీ 3050యే, 60 వాట్ల తాళం. 80 వాట్ల మోడల్ వీబయోస్ దొరికింది, ఫ్లాష్ చేస్తే, అంటే నాదాని మీద అది రాసేస్తే, ఎట్లుంటది?

పాలమూరు_పిక్సెల్
చేయకు. ఇంతసేపూ నేను వాదించింది తాళం ఉంది కాబట్టి భయం లేదని, నువ్వు ఆ తాళమే పగలగొడతానంటున్నావు. నీ బోర్డులో మాస్‌ఫెట్‌లు, రాగి గొట్టాలు, ఛార్జర్ అన్నీ 60కే కొలిచి పెట్టి ఉంటారు.

క్లాక్‌టవర్_సర్వీస్
ఇన్నాళ్లకు ఒక్క మాట కలిసింది. చాలా ల్యాప్‌టాప్‌లలో వీబయోస్ విడిగా ఉండదు, మెయిన్ బయోస్ చిప్‌లోనే కలిసి ఉంటుంది, ఫ్లాష్ మధ్యలో కరెంటు పోయినా, ఫైల్ సరిపడకపోయినా పవర్ బటన్ నొక్కితే లైటు వెలిగి తెర నల్లగానే ఉంటుంది. అప్పుడు మూత విప్పి, చిప్‌కి క్లిప్ తగిలించి, ప్రోగ్రామర్‌తో పాత ఫైల్ తిరిగి రాయాలి. పాత ఫైల్ దాచుకున్నావా?

గద్వాల్_రైడర్
లేదన్నా.

క్లాక్‌టవర్_సర్వీస్
అయితే ఆ ఫైల్ డిలీట్ చేసేయ్.