పాత పాటల క్యాసెట్లు, రేడియో టేపులు కంప్యూటర్‌లోకి ఎక్కించడం: ఎవరెవరు ఎలా చేస్తున్నారు?

గోదారిగట్టు
80ల నాటి క్యాసెట్లు పెట్టెడు ఉన్నాయి. కొన్ని కంపెనీవి, కొన్ని రికార్డింగ్ సెంటర్‌లో పాటల లిస్టు రాసిచ్చి నింపించినవి, మిగతావి వివిధ భారతి జనరంజని, శ్రీలంక రేడియో నుంచి పట్టినవి. టూ-ఇన్-వన్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ల్యాప్‌టాప్ మైక్ సాకెట్‌కి వైరు పెడితే బొంగురుగా, మోనోలో వస్తోంది. కొన్నిటికి తెల్లగా బూజు. ఏవి ముందు ఎక్కించాలి, ఎలా మొదలుపెట్టాలి?

పాతరేడియో
రేడియో టేపులతో మొదలుపెట్టండి. తర్వాత సెంటర్‌లో నింపించినవి, కంపెనీవి ఆఖర్న. సినిమా పాట ఏదో ఒక యాప్‌లో దొరుకుతుంది. పాటకు ముందు శ్రీలంక రేడియో అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గారి మాటలు, పాట కోరినవాళ్ళ పేర్లూ ఊళ్ళూ వరసగా చదవడం, ఆ పూట ప్రసారం బహుశా మీ టేపులో తప్ప ఇంకెక్కడా మిగిలి ఉండదు. దయచేసి పాట ఒక్కటే ఉంచి అనౌన్సర్ మాట కత్తిరించకండి.

హెడ్‌క్లీనర్
గోదారిగట్టు గారూ, బొంగురు రావడానికి కారణం ఆ సాకెట్. మైక్ ఇన్‌పుట్‌కి మిల్లీవోల్టులు చాలు, హెడ్‌ఫోన్ అవుట్ దానికి ఎన్నో రెట్లు పంపుతుంది. పైగా చాలా ల్యాప్‌టాపుల్లో మైక్ సాకెట్ మోనోనే. లైన్-ఇన్ (మైక్ కన్నా బలమైన సిగ్నల్ తీసుకునే సాకెట్) ఉన్న చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే ధ్వనిని కంప్యూటర్‌లోకి పంపే డబ్బా, కొనండి. డెక్ (క్యాసెట్ ప్లేయర్) వెనక లైన్-అవుట్ నుంచి దాంట్లోకి ఇవ్వండి. గుయ్యిమని 50 హెర్ట్జ్ హమ్ వస్తే ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి.

ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టండి. పాటలో బాగా గట్టిగా వచ్చేచోట మీటరు -6 డీబీ (డెసిబెల్, ధ్వని కొలమానం) దాటకూడదు. గంట టేపు సుమారు 1 జీబీ అవుతుంది, ఫ్లాక్‌గా (నాణ్యత తగ్గకుండా కుదించే ఫార్మాట్) దాస్తే దాదాపు సగం.

టేపు పెట్టే ముందు హెడ్డు (టేపుని చదివే భాగం), క్యాప్‌స్టన్ (టేపుని లాగే సన్నటి కడ్డీ) 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, రబ్బరు రోలరు సబ్బు నీళ్ళు తడిపిన బట్టతో తుడవండి. బూజున్న క్యాసెట్ నడిచాక ప్రతిసారీ తుడవాల్సిందే, లేకపోతే ఆ బూజు తర్వాతి క్యాసెట్‌కి అంటుకుంటుంది.

స్క్రూడ్రైవర్
అందరూ వదిలేసే పని అజిమత్, అంటే హెడ్డు కోణం సరిచేయడం. టేపు నడిచే దారికి హెడ్డు సరిగ్గా నిలువుగా లేకపోతే పై శ్రుతులన్నీ పోతాయి. క్యాసెట్ పాడైందనుకుని అవతల పడేస్తారు, చాలాసార్లు అందులో లోపమేమీ ఉండదు. సెంటర్ వాళ్ళ డెక్ హెడ్డు ఒక కోణంలో ఉండేది, మీది ఇంకో కోణంలో ఉంది, అంతే.

హెడ్డుకి రెండు పక్కలా రెండు స్క్రూలుంటాయి. కింద స్ప్రింగ్ ఉన్నదే అజిమత్ స్క్రూ, రెండోదాన్ని ముట్టుకోవద్దు. పాట నడుస్తుండగా రెండు ఛానెళ్ళనీ మోనోగా కలిపి హెడ్‌ఫోన్‌లో వినండి. స్టార్ స్క్రూడ్రైవర్‌తో మెల్లగా, అటూ ఇటూ పావు చుట్టు మించకుండా తిప్పండి. మువ్వలు, తాళాలు, గాయని పలికే ‘స’, ‘ష’ ఎక్కడ పదునుగా వినిపిస్తే అక్కడ ఆపండి. మోనోలో ఎందుకంటే, కోణం తప్పితే రెండు ఛానెళ్ళ పై శ్రుతులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, తేడా వెంటనే తెలుస్తుంది. సైడ్ బి తిప్పినప్పుడు మళ్ళీ చూడాలి.

డాల్బీ (టేపు బుసని తగ్గించే ఏర్పాటు) బటన్ ఆ తర్వాతే. కవరు మీద డాల్బీ గుర్తుంటేనే ఆన్ చేయండి. పై శ్రుతులు తగ్గిన టేపు మీద డాల్బీ పెడితే ఇంకా మూసుకుపోతుంది.

నల్లరీలు
బూజు సంగతి: క్యాసెట్ డబ్బా మధ్యనున్న అద్దంలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లటి మచ్చలుగా కనిపిస్తుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ సంచులతో పాటు కొన్నాళ్ళు ఉంచండి. ఆరాక ముక్కుకి మాస్కు కట్టుకుని, ఆరుబయట, పెన్సిల్ పెట్టి మెల్లగా తిప్పుతూ మెత్తటి పొడి బట్టతో అంచులు తుడవండి. బిగుసుకుపోయిన టేపుని మోటారుతో రివైండ్ చేస్తే తెగేది లీడర్ (టేపు కొసన ఉండే ఖాళీ ముక్క) అతుకు దగ్గరే.

తెగితే మామూలు సెల్లోటేప్ వాడొద్దు. దాని జిగురు పక్కలకి కారి పై చుట్టుకి అంటుకుంటుంది. క్యాసెట్ టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, ఆ కొలతకే స్ప్లైసింగ్ టేప్ (తెగిన టేపుని అతికించే పట్టీ) దొరుకుతుంది. రెండు కొసలూ కలిపి ఏటవాలుగా కోసి, మధ్యలో సందు లేకుండా ఆనించి, వీపు వైపు అతికించాలి. హెడ్డుకి తగిలే వైపు, అంటే చుట్టలో బయటికి కనిపించే వైపు, జిగురు పడకూడదు.

ధ్వని పెరుగుతూ తగ్గుతూ మసకగా ఉంటే హెడ్డుకి ఎదురుగా ఉండే చిన్న ఫెల్ట్ ప్యాడ్ రాలిపోయిందేమో చూడండి. జిగురు ఎండి రాలుతుంది. ఐదు స్క్రూలున్న డబ్బా అయితే విప్పి, పనికిరాని క్యాసెట్‌లోని ప్యాడ్ స్ప్రింగ్‌తో సహా తెచ్చి పెట్టొచ్చు. స్క్రూల్లేకుండా అతికించేసిన డబ్బాని అతుకు వెంట పగలగొట్టి, రెండు చుట్టల్నీ స్క్రూల డబ్బాలోకి మార్చడమే. లోపలి పల్చటి ప్లాస్టిక్ షీట్లు మర్చిపోతే టేపు కీచుమంటుంది.

గోదారిగట్టు
అజిమత్ సరిచేస్తే మువ్వలు నిజంగానే వినిపించాయి! ఇంకో సందేహం. సెంటర్ క్యాసెట్‌లో పాట 4:22కి అయిపోతోంది, అదే పాట సీడీలో 4:30. గొంతు కూడా కాస్త సన్నగా ఉంది.

స్క్రూడ్రైవర్
ముందు ఒక కంపెనీ క్యాసెట్ పెట్టి అదీ వేగంగా ఉందేమో చూడండి. అది సరిగ్గా ఉంటే, నింపినప్పుడు ఆ సెంటర్ డెక్ నెమ్మదిగా నడిచిందన్నమాట. మీ లెక్కలో 3 శాతం, అంటే సుమారు అర స్వరస్థానం. సీడీతో పోల్చి ఆడాసిటీలో ‘ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్’తో తగ్గించండి. ‘ఛేంజ్ టెంపో’ వాడితే నిడివి సరిపోతుంది గానీ శ్రుతి అలాగే ఉంటుంది. అన్ని క్యాసెట్లూ వేగంగా ఉంటే మాత్రం తప్పు మీ డెక్‌దే. చాలా మోటార్లకి వెనక చిన్న రంధ్రం ఉంటుంది, అందులోని స్క్రూతో సరిచేయాలి.

పాతరేడియో
హిస్ (టేపు బుస) తీసే ఫిల్టర్ల జోలికి ఎక్కువగా వెళ్ళకండి. 6 డీబీ వరకు పర్వాలేదు, 12 దాటిందంటే వీణ మీటు తర్వాత సాగే నాదం నీళ్ళలోంచి వచ్చినట్టు అవుతుంది. వెనకటి మీడియం వేవ్ నుంచి పట్టిన టేపుల్లో 5 కిలోహెర్ట్జ్ పైన పాటే ఉండదు, అక్కడ ట్రెబుల్ పెంచితే పెరిగేది చప్పుడే. శ్రీలంక షార్ట్‌వేవ్ టేపుల్లో పాట దూరమవుతూ దగ్గరవుతూ ఉంటుంది. అది ప్రసారంలోదే, అలాగే ఉంచండి. ఏం చేసినా కాపీ మీద చేయండి, మొదట తీసిన ఫైలు ముట్టుకోవద్దు.

పాటలపుస్తకం
సెంటర్ వాళ్ళు లోపలి అట్ట మీద చేత్తో రాసిన పాటల లిస్టుని 600 డీపీఐలో స్కాన్ చేసి ఆ ఫోల్డర్‌లోనే పెట్టండి. ఫైలు పేరులో సినిమా, ఏడాది, గాయకులు, సంగీతం, రచన, ఏ క్యాసెట్ ఏ సైడ్ అన్నీ ఉండాలి. అట్టల మీద చాలావాటికి రచయిత పేరుండదు. థియేటర్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాల్లో ఉంటుంది, అవి దొరికితే చూసి నింపండి.